గేరురాడ్డు

పెండ్లిపందిటిలో గాని, రేపల్లె రైలుపెట్టెలో గాని నలుగురు చేరి కార్లను గూర్చి ముచ్చటించుకొనుచుండగా, నిన్నమొన్న బండి కొన్న యువకుడొకడు "గేర్లు మార్చుకొనే బండి ఇంకా ఎవరు కొంటారు బాబాయిగారూ?" అని పెదవి విరిచినంతనే నా మనస్సు చివుక్కుమనును. క్రిక్కిరిసిన బెజవాడ బందరు రోడ్డుమీద క్లచ్చి త్రొక్కి త్రొక్కి మోకాలు నొచ్చినవానికి ఆ శ్రమ తప్పుట సుఖమే, కాదనను. కాని సుఖమును జూచి మురియుట వేరు, విద్యను జూచి నవ్వుట వేరు. కుడికాలు పెట్రోలును, ఎడమకాలు క్లచ్చిని, ఎడమచేయి గేరురాడ్డును కనిపెట్టుకొనియుండ, చెవి ఇంజను రొదను వినుచుండ, ఈ నాలుగును ఒక్క క్షణమున కలిసివచ్చి గేరు వెన్నవలె జారిపడినప్పుడు మనిషికి గలుగు తృప్తి యెట్టిదో, ఎరిగినవారు మీలో అనేకులుందురు. వారికి నేను వేరుగ చెప్పవలసినదేమియు లేదు.

కొండలు లేని డెల్టాలో గేర్లతో పనియేమి యని అడుగువారు కలరు. తెనాలినుండి జంపని మీదుగా మా వేమూరు వచ్చి, పెనుమర్రు, భట్టిప్రోలు దాటి రేపల్లె చేరు దారిలో ఒకసారి పోయి చూచినచో తెలియును. కాలువ వంతెన ఎక్కునప్పుడును, కోతలనాడు ధాన్యపు బస్తాల ట్రాక్టరును దాటవలసినప్పుడును, ఎదుట లారీ కనబడినంతనే మూడవ గేరులోనికి దిగి ఇంజనును ఒక్కసారి బిగపట్టి ముందుకు దూకవలెనా, వెనుకనే అణగియుండవలెనా యను నిర్ణయము నడుపువానిది గాని గేరుపెట్టెది కాదు. ఏ ఇంజనైనను తగినన్ని చుట్లు తిరుగునప్పుడే బలము చూపును. ఆ బలమును చక్రములకు ఎప్పుడు, ఏ పాళ్లలో పంచవలెనో చెప్పుటకే గేరుపెట్టె పుట్టినది.

ఒక కారు గేరుపెట్టెను ఊడదీసి మరియొక కారులో దింపుట యను పనిమీద నాకు మక్కువ గలుగుటకును ఇదియే కారణము. ఆంగ్లేయుల ఎం.జి.బి. యను స్పోర్ట్సు కారును చూడుడు. 1962లో వెలువడి 1980 వరకు తయారైన ఆ చక్కని రెండు తలుపుల బండికి గేర్లు నాలుగే. వేగములను సమముచేసి పండ్లు ఒరయకుండ కాపాడు సింక్రో కంకణము 1967 వరకు దాని మొదటి గేరునకు లేనేలేదు. అదే 1967లో దానికి ఆటోమేటిక్కును గూడ అమ్మజూపిరి. కొన్నవారు స్వల్పులగుటచే 1973లో మానివేసిరి. స్పోర్ట్సు కారు కొనువాడు చేతికి పని కోరి కొనును గాని తప్పించుకొనుటకు కొనడని అప్పుడే తేలిపోయినది.

ఇక ఎం.జి.బి. లోపము. నాలుగవ గేరులో ఇంజను నిమిషమునకు 1,000 చుట్లు తిరిగినచో బండి గంటకు సుమారు 18 మైళ్లు పోవును. 70 మైళ్ల వేగమునకు 3,900 చుట్లు తిరుగవలెను. ఇంజను చుట్లు తగ్గించు ఓవర్‌డ్రైవు ఉన్నవారి మాట యెట్లున్నను, లేనివారికి దూరప్రయాణమున ఆ రొద దుర్భరము. ఇట్లుండగా 1989లో జపాను దేశమునుండి మాజ్దా వారి ఎం.ఎక్స్-5 యను చిన్న స్పోర్ట్సు కారు వచ్చెను. దాని ఐదవ గేరు నిష్పత్తి 0.814. ఆ పెట్టెను ఎం.జి.బి.లో దింపినచో అదే 70 మైళ్ల వేగమునకు ఇంజను 3,200 చుట్లకు కొంచెము తక్కువే తిరుగును. రాడ్డు కదలిక పొట్టి. ప్రతి గేరును చేతికి తేటగా తెలియును. ఈ మార్పిడి ఇంగ్లండులో ఇప్పుడు స్థిరపడిన సంప్రదాయము.

ఇది మనకు దూరపు సంగతి యనుకొనకుడు. ఎం.జి.బి.కి ముందు 1955లో వచ్చిన ఎం.జి.ఏ. స్పోర్ట్సు కారునకు అమర్చిన 1,489 సి.సి. ఇంజనును, మన అంబాసిడరు చిరకాలము మోసిన ఇంజనును ఒక్క కుటుంబమువే. మనము పెండ్లివారిని కుక్కుకొని తిరిగిన బండి గుండె ఒక పందెపు గుఱ్ఱము గుండెకు జ్ఞాతి యన్నమాట.

పెట్టె మార్చుట యనగా నాలుగు బోల్టులు విప్పి నాలుగు బిగించుట యనుకొనువారున్నారు. ఇంజను వెనుకకు పెట్టెను హత్తించు బెల్ హౌసింగు క్రొత్తగా పోతపోయవలెను. దాని నడిమి రంధ్రము క్రాంకుషాఫ్టు నడిమితో అంగుళములో కొన్ని వెయ్యవవంతులలోపల ఏకీభవింపవలెను. లేనిచో క్లచ్చి ఎగురును, బేరింగు అరగును. క్లచ్చి ప్లేటు వెడల్పు పాత ఇంజనుకు తగినది, నడిమి పండ్లు క్రొత్త పెట్టె షాఫ్టునకు తగినవి కావలెను. పెట్టెను మోయు అడ్డపట్టీ చోటు మారును. ప్రొపెల్లర్ షాఫ్టును పెట్టె పొడవును బట్టి కోసి, వెల్డింగు చేసి, తూకము సరిచేసి, రెండు కొసల జాయింట్ల కోణములు సమానముగ నుండునట్లు చూడవలెను. ఈ ఒక్క విషయమున ఏమరినచో బండి కొంత వేగమందుకొనగనే నేలనుండి వణకు పుట్టును. స్పీడోమీటరు తీగె తిప్పు పండ్లచక్రము గూడ మార్చవలసినదే. మరచినచో ముల్లు అబద్ధమాడును. రెండు బండ్లను లోపలినుండి ఎరిగినవాడే ఈ పనికి పూనుకొనవలెను.

ఎరిగినవానిని నేను చూచితిని. విజయవాడ ఆటోనగరులో, లారీ బాడీలు కట్టు సుత్తిదెబ్బల నడుమ, ఇరుకు షెడ్డులో లేతు ముందు నిలిచిన ఒక టర్నరు మేస్త్రీగారు నా యౌవనమున నాకు కనబడిన పండితులలో ఒకరు. క్రాంకుషాఫ్టు కొసన గేరుపెట్టె షాఫ్టు ముక్కు నిలుచుటకు చిన్న బుష్షొకటి కావలెను. నూనె పీల్చు గుణముగల కంచు బుష్షును ఆయన చక్‌లో బిగించి, పనిముట్టును నూరి నూరి పదునుపెట్టెను. ఎందుకండీ ఇంత పదును అని అడిగితిని. "మొద్దు ఉలి అయితే దీని రంధ్రాలు పూడుకుపోతాయి బాబూ. ఇక నూనె ఎక్కడ తాగుతుంది?" అనెను. తరువాత వెర్నియరుతో కొలిచి, వెలుతురుకు పట్టి చూచి, మరల ఒక్క వెంట్రుకవాసి తీసి, మరల కొలిచి, చివరకు రాత్రంతయు నూనెలో నాననిమ్మని చెప్పి పంపెను. ఆ మేస్త్రీగారు చదివిన బడి యేదో నే నెరుగను. కాని లోహము స్వభావమును, దానికి చేయు అపచారమును, దాని ఫలమును ఒక్క వాక్యమున చెప్పగలిగినవానిని ఇంజనీరనక మరేమందుము? ఆయన కూలి అడిగిన తీరులోని సంకోచము నన్ను ఇప్పటికిని బాధించును. చేతిపనివానికి మనము ఇచ్చు గౌరవము ఎప్పుడును వాని పనికి చాలదు.

మా బంధువుల అంబాసిడరుకు ఆ బుష్షు. ఆ బండ్లకు మొదట గేరురాడ్డు స్టీరింగు క్రిందనుండెను. ఆ యేర్పాటుమీద నాకు గల కసి యింతటితో తీరునది కాదు. ముందు సీటున ముగ్గురు కూర్చుండుటకు అనువని దాని నట్లు పెట్టిరి. ఆ యనువుకొరకు చేతికిని పెట్టెకును నడుమ కడ్డీలు, మీటలు, కీళ్లు చేరెను. కీళ్లు అరిగినకొలది రాడ్డు వదులై, ఒకనాడు నడిరోడ్డున గేర్లు చిక్కుపడెను. డ్రైవరు దిగి, బానెట్టు ఎత్తి, కాగుచున్న ఇంజను ప్రక్కన చేయిదూర్చి లింకులను విడదీయవలసివచ్చెను. ఈ దృశ్యము చూడని తెలుగు పెండ్లిబృందము లేదు. కనుకనే 1984లో అంబాసిడరు కంపెనీవారి కంటెస్సా కారు వచ్చి, మొదట అదే 1,489 సి.సి. ఇంజనుతో, నేలమీద నిలిచిన గేరురాడ్డుతో కనబడగా, ఆ రాడ్డును అంబాసిడరులోనికి తెచ్చుకొనవలెనను కోరిక రసికులకు పుట్టుట సహజము. పిమ్మట 1990ల ఆరంభమున కంపెనీవారే ఇసుజు ఇంజనును, ఐదు గేర్లను, నేలరాడ్డును అంబాసిడరుకిచ్చిరి. జనుల చేతులు కోరినదానిని కర్మాగారము ఆలస్యముగ ఒప్పుకొన్నదని నా అభిప్రాయము.

మా బంధువుల అంబాసిడరును నడిపిన డ్రైవరుగారు సింక్రో లేని మొదటి గేరులోనికి కదలుచున్న బండిని దింపునప్పుడు న్యూట్రలులో క్లచ్చి వదలి, పెట్రోలు కొంచెమిచ్చి, మరల క్లచ్చి త్రొక్కి రాడ్డును లాగెడివారు. ఒక్క గీర వినబడెడిది కాదు. మంద్రమునుండి తారమునకు గీర లేక ఎక్కు గొంతులు గూడ మా ఊర పుట్టినవి. రంగస్థల నటులు వేమూరి గగ్గయ్యగారు మావారే. మైకులు లేని దినములలో చివరి వరుసవానికి వినబడునట్లు పద్యము చదివిన ఆ కంఠమును 1933 నాటి సావిత్రి చిత్రమున యముడుగా, 1935 నాటి శ్రీకృష్ణలీలలు చిత్రమున కంసుడుగా లోకము వినెను. ఆయన కంసుడు తగ్గు స్థాయిలో మొదలుపెట్టి, రాగమును పట్టు విడువక పైకి కొనిపోవు తీరు విన్నవానికి క్రోధము గూడ ఒక శాస్త్రమే యనిపించును. ఆ చిత్రమున బాలకృష్ణుడుగా ఆయన కెదురు నిలిచిన పిల్లవాడు సాలూరు రాజేశ్వరరావు. ఆ పిల్లవాడే 1951లో మల్లీశ్వరికి సంగీతము కూర్చెను. తెలుగు చిత్రములలో దానికి సాటివచ్చు సంగీతము మరి లేదని నా నిశ్చయము. మా అన్నగారు దీని కొప్పుకొనరు. 1955 నాటి మిస్సమ్మకును రాజేశ్వరరావుగారే బాణీలు కట్టిరి గదా, ఆ పాటలు ఇంటింట పాడుకొనుటకు వచ్చును, పైగా ఆ చిత్రము మన తెనాలి చక్రపాణిగారిది అని వారి వాదము. చక్రపాణిగారిమీద నాకును భక్తియే. ఐనను పాటకు ఊరి అభిమానము కొలబద్ద కాదు. మల్లీశ్వరిలో వీణ వినబడిన చోట్లు విని మాటలాడుడని వారికి ప్రతి సంక్రాంతికిని మనవిచేయుచునే యున్నాను.