కాగితం మీద 280

కారును రోలర్ల మీదికి ఎక్కించి, పట్టీలు బిగించేలోపే ఓనరు నోట ఆ ప్రశ్న రానే వస్తుంది. "అమెరికా బండికి 320 అంటారు, నాదానికి 280 అని రాసుంది. మనకు తక్కువ సరుకు అంటగట్టారా, బ్రో?" ఆక్లాండ్‌లో కారు పవర్ కొలిచే డైనో నడిపే నాకు ఈ అనుమానం తీర్చడమే సగం ఉద్యోగం. విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసిన రోజుల్లో ఓనర్లు మైలేజీ అడిగేవారు, పికప్ అడిగేవారు. హార్స్‌పవర్ అడిగినవాణ్ని చూడలేదు. ఇక్కడ అంతా ఆ అంకె చుట్టూనే. న్యూజిలాండ్‌లో జపాన్ నుంచి దిగిన పాత బండ్లు ఎటు చూసినా ఉంటాయి. బ్రిటన్ నుంచి వలస వచ్చినవాళ్లు సామానుతోపాటు తెచ్చుకున్నవీ అప్పుడప్పుడు షెడ్డుకు వస్తాయి. ఒకే మోడలు, రెండు దేశాల అంకెలు. తగవు తెగదు.

1988లో జపాన్‌లో రోడ్డు ప్రమాద మృతుల సంఖ్య మళ్లీ పదివేలు దాటింది. వేగం మీద, పవర్ మీద విమర్శలు పెరిగాయి. 1989లో నిస్సాన్ కొత్త ఫెయిర్‌లేడీ జడ్ 280 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్)తో వచ్చాక, ఇంతకు మించి చూపించకూడదని కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి. అది చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. 2004లో హోండా లెజెండ్ 300తో వచ్చేదాకా నిలిచింది. అయితే ఆ కట్టుబాటు జపాన్‌లో అమ్మే బండ్లకే. అదే జడ్‌కు అమెరికాలో 300 అని రాశారు. అక్కడ 3000జీటీ పేరుతో అమ్మిన మిత్సుబిషి జీటీఓకు మొదట 300, తర్వాత 320.

నేను మాత్రం తేడా కాగితంలో ఉందా, ఇనుములో ఉందా అని చూస్తాను. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కాగితం బాపతు. దాని ఆర్32 మోడల్ బానెట్ ఎత్తితే టర్బో బూస్టును అదుపు చేసే సన్నటి గొట్టం మీద పసుపు గుర్తు కనిపిస్తుంది. దాని లోపల చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో సన్న రంధ్రం. దాన్ని తీసేస్తే బూస్టు అమాంతం పెరుగుతుంది, ఇంకే పార్టూ మార్చక్కర్లేదు. రేసుల కోసం గట్టిగా కట్టిన ఇంజన్‌కు కంపెనీ కావాలనే కళ్లెం వేసిందని ఆ ముక్కే చెబుతుంది.

జపాన్ బండ్లకు ఇంకో కళ్లెం గంటకు 180 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. డైనో మీద నాలుగో గేరులో లాగితే, పూర్తి పవర్ రాకముందే స్పీడు అక్కడికి చేరి ఇంజన్ ఆగి ఆగి కొట్టుకుంటుంది. అందుకే కంప్యూటర్ మార్చని ఆర్32ను మూడో గేరులోనే లాగుతాను. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ కొట్టుకోవడాన్ని పెట్రోలు అందని జబ్బు అనుకుని పంపు విప్పబోతారు.

టొయోటా సుప్రా సంగతి వేరు. అక్కడ తేడా నిజంగా ఇనుములోనే. జపాన్ బండి 280 పీఎస్. బ్రిటన్‌లో అమ్మినది 330 పీఎస్. రెంటినీ పక్కపక్కన విప్పి చూశాను. జపాన్ దానిలో ఇంజెక్టర్లు నిమిషానికి 440 సీసీ పోసేవి, బ్రిటన్ దానిలో 550. గాలిని కొలిచే సెన్సార్ కూడా వేరు. జపాన్ టర్బోలో ఎగ్జాస్ట్ వైపు చక్రం సిరామిక్. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అందుకే కింది ఆర్‌పీఎంలోనే చురుగ్గా తిరుగుతుంది. కానీ ఎవరో చెప్పారని బూస్టు పెంచితే ఆ చక్రం పగిలి ముక్కలవుతుంది. ఎగుమతి బండికి ఉక్కు చక్రం, కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, దెబ్బ తట్టుకుంటుంది. ఊళ్లో తిరగడానికైతే నేను సిరామిక్ దాన్నే ఎంచుకుంటాను. కస్టమర్లలో ఈ మాట నమ్మేవాళ్లు తక్కువ.

చిన్న తేడాలకు చిన్న కారణాలు. 280 పీఎస్ అంటే బ్రిటిష్ కొలతలో 276 హార్స్‌పవర్. ఇక్కడి పద్ధతిలో 206 కిలోవాట్లు. హోండా ఇంటెగ్రా టైప్-ఆర్‌కు జపాన్‌లో 200, అమెరికాలో 195 అన్నారు. కొలమానం మార్చితేనే ఆ 200 కాస్తా 197 అవుతుంది. తర్వాత పెట్రోలు. జపాన్ బంకుల్లో ప్రీమియం 100 ఆక్టేన్. ఇక్కడ ఎక్కువ చోట్ల 95 దొరుకుతుంది, కొన్ని బంకుల్లో 98. డబ్బు మిగులుతుందని 91 కొట్టించుకొచ్చిన టర్బో బండిని నేను రోలర్ల మీద ఫుల్లుగా తొక్కను. ఇంజన్‌లో కొట్టుడు (నాకింగ్) మొదలైతే కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. ఆపైన ఓనరు నా మెషీన్‌ను తిడతాడు.

ఇంకా పాత బండి వస్తే లెక్క మొత్తం మారిపోతుంది. 1969 నాటి ఫెయిర్‌లేడీకి జపాన్‌లో 2 లీటర్ల ఇంజన్, 130 పీఎస్. 2000 సీసీ దాటితే అక్కడ పన్ను మోత. అమెరికాకు డాట్సన్ 240జడ్ పేరుతో 2.4 లీటర్లది పంపి 151 అని రాశారు. ఆ రోజుల్లో ఫ్యాన్, సైలెన్సర్ లాంటివి లేకుండా ఇంజన్‌ను ఒంటరిగా నిలబెట్టి కొలిచేవారు. నేను కొలిచేది గేర్‌బాక్సు, యాక్సిల్ మింగగా చక్రాల దగ్గర మిగిలినది. ఆ మింగుడు ఎంతో చెప్పమని అడుగుతారు. అంచనా వేసి పెంచి రాయడం నాకు ఇష్టం ఉండదు. షీటులో చక్రాల దగ్గరి కిలోవాట్లు, ఆనాటి ఉష్ణోగ్రత, బూస్టు, పోసిన పెట్రోలు అన్నీ రాసిస్తాను. బండి అమ్మకానికి పెట్టినప్పుడు ప్రకటనలోకి అంకె ఒక్కటే ఎక్కుతుంది. అది చదివి కొన్నవాడు మళ్లీ నా దగ్గరికే వస్తాడు.