ఓడందురై కరెంటు లెక్క

పంపు ఆపరేటరు చేతిలో మూరెడు స్క్రూడ్రైవరు ఉంది. తిరుగుతున్న మోటారు బేరింగు మూత మీద దాని మొన ఆనించి, పిడికి చెవి పెట్టి, కళ్లు మూసుకున్నాడు. "ఇంకో ఆరు నెలలు దిగుల్లేదు" అంటూ లేచి మోటారు ఆపాడు. పంపు పక్కన గొంతుక్కూర్చుని, ఇరుసు చుట్టూ కూరిన పాత తాడును కొక్కెంతో లాగి పారేశాడు. గ్రాఫైటు పూసిన కొత్త తాడును కొలిచి, కొసలు ఏటవాలుగా వచ్చేట్టు ముక్కలు కోశాడు. ఒక ముక్క అతుకు మీద ఇంకో ముక్క అతుకు పడకుండా తిప్పి తిప్పి అమర్చాడు. రెండు నట్లనూ పానాతో పావు చుట్టు పావు చుట్టుగా మార్చి మార్చి బిగించాడు. మోటారు వేశాక ఇరుసు దగ్గర నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఇంకాస్త బిగించరాదా అన్నాను.

"చుక్క పడాల సార్. పూరా ఆగేటట్టు బిగిస్తే తాడు కాలుతుంది, ఇరుసు అరుగుతుంది, మోటారు జాస్తి కరెంటు లాగుతుంది" అని స్టార్టరు పెట్టె మీద వణుకుతున్న ఆంపియర్ల ముల్లు చూపించాడు. ఆయనది తరాల కిందట కొంగునాడుకు వలసవచ్చిన తెలుగు కుటుంబం. చదువంతా తమిళంలోనే సాగింది. ఇంట్లో మాత్రం ఈనాటికీ తెలుగే. చేతులు తుడుచుకుని, గోడకు వేలాడుతున్న నోటుపుస్తకం తీసి, మోటారు వేసిన వేళ, ఆపిన వేళ, మీటరు అంకె రాశాడు. ఆ అంకెలు తమిళంలో రాస్తేనేం, తెలుగులో రాస్తేనేం, పంచాయతీ లెక్కకు అవే ఆధారం.

పదవి దిగిన రాజకీయ నాయకులు పర్యావరణం కోసం చేసిన పని మీద రాయమని సంపాదకుడు అడిగినప్పుడు ఆయన మనసులో ఉన్న పేర్లు పెద్దవి. అమెరికా ఉపాధ్యక్ష పదవి దిగాక ఊరూరా తిరిగి వాతావరణ మార్పు గురించి చెప్పి, 2007లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న అల్ గోర్ లాంటి వాళ్లు. నేను ఆర్. షణ్ముగం పేరు చెప్పాను. 1996 నుంచి 2006 దాకా ఓడందురై పంచాయతీ అధ్యక్షుడిగా చేసిన మనిషి. ఓడందురై కోయంబత్తూరు నుంచి నలభై కిలోమీటర్లు. మేట్టుపాళయం పక్కన, నీలగిరి పాదాల దగ్గర, భవానీ నది నీళ్లు తాగే పల్లెల గుంపు. పోకతోటలు, అరటితోటలు, కరివేపాకు మళ్లు. అటు కల్లారు అడవి నుంచి ఏనుగులు దిగే దారి. నేను షణ్ముగాన్ని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్లలేదు. ఆయన పదవి దిగాక కూడా నిలిచిన పని ఎలాంటిదో చూడాలని వెళ్లాను. అందుకే పంచాయతీ పెట్టించిన గాలిమర కన్నా ముందు పంపుగది చూశాను.

ఎందుకంటే ఈ కథ మొదలైంది పంపుగదిలోనే. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. దాని తర్వాత తమిళనాడులో తొలి పంచాయతీ ఎన్నికలు 1996లో జరిగాయి. ఆ ఎన్నికల్లో ఓడందురైలో షణ్ముగం గెలిచాడు. పల్లెలన్నిటికీ మంచినీళ్లు, వీధి దీపాలు, పేదలకు ఇళ్లు అని పూనుకున్నాడు షణ్ముగం. నీళ్లు వచ్చాయి. నీళ్లతోపాటు కరెంటు బిల్లూ వచ్చింది. నది నీటిని ఎత్తి ట్యాంకులకు తోడాలంటే మోటార్లు రోజంతా తిరగాలి. పల్లె పెరిగేకొద్దీ, దీపాలు పెరిగేకొద్దీ బిల్లు పెరిగింది.

సాధారణంగా ఇక్కడ పంచాయతీ అధ్యక్షుడు చేసేది ఒకటే. కలెక్టరుకు అర్జీ పెడతాడు, మంత్రి వస్తే దండ వేసి బాకీ మాఫీ అడుగుతాడు. షణ్ముగం కరెంటు ఎలా తయారవుతుందో నేర్చుకోవడానికి బయల్దేరాడు. పెద్ద చదువులు చదివిన మనిషి కాడు. అయినా సంప్రదాయేతర ఇంధనాల మీద శిక్షణ కోసం బరోడా దాకా వెళ్లాడు. కొన్నిచోట్ల సౌరదీపాలు పెట్టించాడు. 2003లో తొమ్మిది కిలోవాట్ల గ్యాసిఫయరు తెచ్చి పంపుకు కలిపాడు. కట్టె ముక్కల్ని చాలీచాలని గాలిలో మండిస్తే బూడిద కావడానికి బదులు మండే వాయువు వస్తుంది. ఆ వాయువుతో ఇంజిను నడుస్తుంది. అలా నీళ్లు తోడే ఖర్చు బాగా తగ్గింది. దీన్ని ఎవరూ వాతావరణ విధానం అనలేదు, ఆయనా అనలేదు. బిల్లు తగ్గించాలనుకున్నాడు, అంతే. నాకు నచ్చింది కూడా అదే. భూమిని కాపాడాలన్న మాట ఎంత నిజమైనా, ఊళ్లో దాని మీద పదిమందిని కూర్చోబెట్టడం కష్టం. కుళాయి నీళ్లకు నెలనెలా ఎంత పోతోందో చెబితే ఊరంతా కూర్చుంటుంది.

ఇక గాలిమర. అది ఓడందురైలో లేదు, చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే తడబడతారు. అది ఉన్నది నూటపది కిలోమీటర్ల దూరంలో, ఉడుమలైపేట దగ్గర మైవాడిలో. పడమటి కనుమల్లో పాలక్కాడు దగ్గర పెద్ద ఖాళీ ఉంది. నైరుతి గాలి ఆ ఖాళీలోంచి దూసుకొచ్చి ఉడుమలైపేట, పల్లడం మైదానాల మీద పడుతుంది. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళుల సామెత. ఏడాది ఉత్పత్తిలో ఎక్కువ భాగం నైరుతి గాలి వీచే ఆ కొద్ది నెలల్లోనే వస్తుంది. తన ఊళ్లో గాలి లేదని షణ్ముగం ఊరుకోలేదు. గాలి ఉన్నచోట పంచాయతీ పేరున మర నిలబెట్టాడు. అక్కడ తయారైన కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది, లెక్క ఓడందురైకి చేరుతుంది.

మర శక్తి 350 కిలోవాట్లు. ఖర్చు కోటీ 55 లక్షలు. అందులో 40 లక్షలు పంచాయతీ కూడబెట్టుకున్న సొమ్ము, మిగతా కోటీ 15 లక్షలు బ్యాంకు అప్పు. 2006లో మర తిరగడం మొదలైంది. ఏటా సుమారు ఏడు లక్షల యూనిట్లు వస్తాయి. పంచాయతీ వాడకం నాలుగున్నర లక్షలు. మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్మకం. ఆ రాబడితోనే అప్పు తీరిపోయింది. బొగ్గుతో ఒక్క యూనిట్ తయారుచేస్తే దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఆ లెక్కన ఈ ఒక్క మర ఏటా ఆపేది సుమారు ఏడువందల టన్నులు. ఒక గ్రామ పంచాయతీకి అది చిన్న మాట కాదు.

నన్ను కదిలించింది మాత్రం మర కాదు, అప్పు. గ్రామ పంచాయతీ బ్యాంకు గుమ్మం ఎక్కి కోటి రూపాయలు అప్పు అడగడం, బ్యాంకు ఇవ్వడం, పంచాయతీ తీర్చడం. ప్రభుత్వ గ్రాంటుతో మర పెడితే అది పాడైనప్పుడు బాగుచేయమని మళ్లీ ప్రభుత్వాన్నే అడగాలి. సొంత పూచీతో తెచ్చుకున్న మరను తిప్పుకోక తప్పదు, ఎందుకంటే కిస్తీ కట్టాలి. ఆ కిస్తీ వల్లే పంపుగదిలో నోటుపుస్తకానికి విలువ వచ్చిందని నా నమ్మకం.

షణ్ముగం తర్వాత ఆయన సతీమణి అధ్యక్షురాలయ్యారు. పదవి ఒక ఇంట్లోనే తిరగడాన్ని నేను ఎక్కడా మెచ్చుకోను, ఇక్కడా మెచ్చుకోను. కానీ గాలిమర ఆ ఇంటి ఆస్తి కాదు. పత్రాలు పంచాయతీ పేరున ఉన్నాయి, అప్పు పంచాయతీ పేరున తీరింది, రాబడి పంచాయతీ ఖాతాలో పడింది. నాయకుడి పని నాయకుడి దగ్గరే ఆగిపోలేదు.

మధ్యాహ్నం మేట్టుపాళయం రోడ్డు మీద టీ కొట్టు దగ్గర తెలుగు మాటలు వినపడ్డాయి. మన వైపు నుంచి అధ్యయన యాత్రకు వచ్చిన మాజీ సర్పంచులు. గాలిమర వీడియోలు ఒకరికొకరు పంపుకుంటున్నారు. వాళ్లలో ఒకామె టీ గ్లాసు బల్ల మీద పెట్టి అంది: "మర సంగతి తర్వాతన్నా. మా హయాంలో ఆర్థిక సంఘం డబ్బులు పడ్డాయని ఫోనుకు మెసేజ్ వచ్చింది. పైపులైను వేద్దామని తీర్మానం రాసుకున్నాం. ఖాతా చూస్తే లేవు. కరెంటు బాకీ కింద జమ చేసుకున్నారంట. ఒక్కమాట చెప్పలేదు. అలాంటి పంచాయతీకి ఏ బ్యాంకు అప్పిస్తుందన్నా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నా దగ్గరా జవాబు లేదు. ఆమె చెప్పింది ఊహ కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బాకీలకు మళ్లించినప్పుడు పార్టీలకతీతంగా సర్పంచులు రోడ్డెక్కారు. ఓడందురైలో కరెంటు బిల్లు ఒక పంచాయతీని ఉత్పత్తిదారుగా చేసింది. మన దగ్గర అదే బిల్లు పంచాయతీ చేతుల్లోంచి చెక్కుబుక్కు లాక్కుంది.

రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29. గ్రామీణ విద్యుదీకరణ 14వది, సంప్రదాయేతర ఇంధన వనరులు 15వది. ఈ రెండు వరుసలు మూడు దశాబ్దాలుగా అక్కడే ఉన్నాయి. వాటిని చదివి, ఇది నా పని అనుకున్న పంచాయతీ అధ్యక్షుడు దేశంలో ఎందరున్నారు? ఎందరిని అనుకోనిచ్చాం? తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. అంతకాలం ప్రత్యేకాధికారులే. తమిళనాడు తక్కువేం తినలేదు. 2016 నుంచి 2019 చివరి దాకా పల్లెలకు పాలకవర్గాలు లేవు, 2025 జనవరిలో కోయంబత్తూరు సహా 28 జిల్లాల్లో మళ్లీ ప్రత్యేకాధికారులు వచ్చారు. ప్రత్యేకాధికారి నిజాయితీపరుడే కావచ్చు. కానీ బదిలీ మీద వెళ్లిపోయే మనిషి ఏడెనిమిదేళ్ల అప్పుకు సంతకం పెట్టడు. పెట్టకూడదు కూడా.

మన వైపు సౌరగ్రామాలు లేవని కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఇంటింటికీ సౌరపలకలు వచ్చాయి, తిరుపతి జిల్లా నారావారిపల్లెకూ వచ్చాయి. మంచిదే, ఆ ఇళ్లవాళ్లకు బిల్లు తగ్గింది. అయితే ఒకటి ఒక ముఖ్యమంత్రి సొంతూరు, రెండోది ఇంకో ముఖ్యమంత్రి సొంతూరు. రాయితీలు, కంపెనీల నిధులు కలిస్తే వచ్చిన వెలుగది. ముఖ్యమంత్రి పుట్టని ఊళ్లు రెండు రాష్ట్రాల్లో వేలకు వేలున్నాయి, వాటికి దారేది? రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర పార్కు కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంది. గాలి మనదే, ఎండ మనదే, నేల మన పంచాయతీల హద్దుల్లోదే. ఒక్క మర, ఒక్క వరుస పలకలు ఆ పంచాయతీ పేరున పెట్టించాలన్న నిబంధన పెట్టడానికి ఏ శాస్త్ర పరిజ్ఞానమూ అడ్డురాదు. 2030కి శిలాజేతర విద్యుత్ సామర్థ్యం 500 గిగావాట్లని గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశం మాటిచ్చింది. అందులో పల్లె వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు, పల్లె తరఫున ఎవరూ అడగలేదు.

చేతగాదన్న మాట నేను ఒప్పుకోను. వరంగల్ దగ్గర గంగదేవిపల్లి వాళ్లు ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని, నీళ్ల లెక్క, పన్నుల లెక్క తామే చూసుకుని దేశానికి చూపించారు. చేతనైన ఊళ్లకు కావలసింది తమ ఖాతా మీద తమకు హక్కు, సమయానికి ఎన్నికలు, అప్పు అడిగితే వినే బ్యాంకు. షణ్ముగానికి 1996 నుంచి 2006 దాకా ఆ మూడూ దొరికాయి. కాలం కలిసొచ్చిందనడం ఆయన శ్రమను తక్కువ చేయడం కాదు, అలాంటి కాలాన్ని మళ్లీ తెచ్చుకోవాలని చెప్పడం.

ఓడందురైకి అధ్యయన యాత్రలు ఇంకా నడుస్తాయి, నడవాలి కూడా. వెళ్లే సర్పంచులకు, అధికారులకు నాదొక మనవి. మైవాడికి వెళ్లి మర ముందు ఫొటో దిగే గంటలో సగం పంపుగదికి ఇవ్వండి. గోడకున్న నోటుపుస్తకం అడిగి చూడండి. తిరిగొచ్చాక మీ ఊరి మోటార్లకు, వీధి దీపాలకు ఏడాదికి ఎన్ని యూనిట్లు పోతున్నాయో, ఎంత కడుతున్నారో, ఎంత బాకీ ఉందో ఒక కాగితం మీద రాసి వచ్చే గ్రామసభలో చదవండి. సర్పంచి చదవకపోతే, చదవమని ఊరివాళ్లుగా మీరు అడగండి.