వేసవి సెలవులకు ఎక్కడికి?

ఏప్రిల్ చివరి వారం వచ్చిందంటే మా ఆసుపత్రిలో ఒక కొత్త ప్రశ్న మొదలవుతుంది. బి.పి. చూపించుకోవడానికి వచ్చినవారు చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ, "డాక్టరుగారూ, పిల్లలకు సెలవులిచ్చారు. ఎక్కడికైనా పోయి వద్దామనుకుంటున్నాం. పోవచ్చునా?" అని అడుగుతారు. ఎక్కడికంటే గండికోట అంటారు, అహోబిలం అంటారు, బెలూం గుహలంటారు. ఎప్పుడంటే, "ఇంకెప్పుడండీ, మే నెలలోనే!" అంటారు. సెలవులు ఆ నెలలో ఉన్నాయి గనుక చూడదగిన చోట్లన్నీ ఆ నెలలోనే చూసి తీరాలని మనమంతా ఏనాడో నిశ్చయించుకున్నట్టుంది.

కర్నూలు, కడపల ఎండను గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. మే నెలలో 42, 43 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అయితే మన ఎండలో ఒక మోసం ఉంది. ఇది పొడి ఎండ. పట్టిన చెమట పట్టినట్టే గాలికి ఆరిపోతుంది, చొక్కా తడవదు. చొక్కా తడవలేదు గనుక ఒంట్లో నీరు పోవడం లేదనుకుంటాం. ఎండలో నడిచే మనిషికి గంటకు ఒక లీటరు దాకా చెమట పోవచ్చు. అరవై దాటినవారికి దాహం కూడా సరిగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గినా, గొంతు ఆ కబురు ఆలస్యంగా చెబుతుంది.

ఈ ఎండ పడలేక మనవాళ్లు విశాఖపట్నమో మద్రాసో పోయి సముద్రపు గాలి పీలుద్దామనుకుంటారు. అక్కడ డిగ్రీలు తక్కువ, నిజమే. కానీ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. ఒంటిని చల్లబరచేది చెమట పట్టడం కాదు, అది ఆరడం. అందుకే 36 డిగ్రీల మద్రాసులో, 41 డిగ్రీల కర్నూలు మనిషి "ఇదేం ఉక్కరా బాబూ" అని కూలబడతాడు. బెలూం గుహల సంగతీ అంతే. భూమి లోపల చల్లగా ఉంటుందనుకుని పోతారు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్లోకి గాలిని పంపే ఏర్పాటు ఉంది గానీ, లోపల ఉక్క తప్పదు. ఉబ్బసం ఉన్నవారు, గుండెజబ్బువారు రద్దీ రోజుల్లో లోపలికి దిగకుండా ఉంటేనే మంచిది.

ఇదంతా తెలిసిన డాక్టరు ఏం చేశాడో కూడా చెబుతాను.

2015 మే నెల. ఆ నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారమంతా వడదెబ్బ తగిలినవాళ్లకు సెలైన్లు ఎక్కించి, ఆదివారం నాడు నేను మా అమ్మను, పిల్లలను కారులో ఎక్కించుకుని గండికోటకు బయలుదేరాను. పిల్లలు చాలా రోజులుగా పోరుతున్నారు. అమ్మకు డెబ్బై దాటింది. బి.పి.కి మందు వాడుతోంది. అందులో మూత్రం ఎక్కువగా పోయేటట్టు చేసే మాత్ర కూడా ఉంది. ఆ చీటీ రాసింది నేనే.

ఉదయం ఆరింటికి బయలుదేరాల్సినవాళ్లం ఎనిమిదిన్నరకు కదిలాం. దారిలో టిఫిను. కోట చేరేసరికి పదకొండు దాటింది. మాధవరాయస్వామి గుడి చూశాం, జామియా మసీదు చూశాం, పెన్నా లోయ అంచుకు నడిచాం. ఆ ఎర్ర బండలు పెనంలా కాలుతున్నాయి. ఎండ పైనుంచి ఒక్కటే రాదు, కాళ్ల కింద నుంచీ వస్తుంది. అమ్మ ఒక గోడ నీడన కూర్చుంది. "నీళ్లు తాగు" అని రెండుసార్లు సీసా అందించాను. పెదవులు తడుపుకుని తిరిగి ఇచ్చేసింది. నేను పట్టించుకోలేదు.

తిరిగి కారు దగ్గరికి వస్తుంటే నన్ను చూసి మా మేనమామ పేరు పెట్టి పిలిచింది. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. నుదురు ముట్టుకుంటే కాలుతోంది, చర్మం పొడిగా ఉంది. మాట తడబడడం, ఒళ్లు కాలడం రెండూ కలిశాయంటే అది వట్టి నీరసం కాదు, వడదెబ్బ. ఒక వేపచెట్టు కిందికి చేర్చి, ఉన్న నీళ్లన్నీ చీర మీద పోశాం. పిల్లలు అట్టముక్కలతో విసిరారు. కూల్‌డ్రింకులమ్మే అబ్బాయి దగ్గర మంచుగడ్డలు తీసుకుని గుడ్డలో చుట్టి చంకల్లో పెట్టాను. మతి సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర పనిచేయదు, ఇది ఆ రకపు వేడి కాదు. ముందు చల్లబరచండి, తరువాత తరలించండి. 108కి ఫోను చేయడం ఒకరు, తడపడం ఇంకొకరు చేయాలి.

జమ్మలమడుగు చేర్చి సెలైను పెట్టించాక సాయంత్రానికి తెలివి వచ్చింది. మూడో రోజు ఇంటికి తెచ్చాం. అప్పుడడిగాను, నీళ్లెందుకు తాగలేదని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "తాగితే పోవాల్సొస్తుంది గదరా. ఆ కోటలో ఆడదానికి మరుగేది?" అంది.

ముప్ఫై ఏళ్లుగా "నీళ్లు బాగా తాగండమ్మా" అని ఆడవాళ్లకు చెబుతున్నాను. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మీ ఇంట్లో పెద్దావిడను తీసుకుపోయేటప్పుడు దేవుడి దర్శన సమయాల కంటే ముందు, దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కోండి. నీళ్ల సీసా ఆ తరువాతి సంగతి. ఆమె వాడే మందుల చీటీ కూడా నెల ముందు డాక్టరుకు చూపించండి. మాత్రలు మీ అంతట మీరు మానిపించవద్దు.

మేలోనే పోక తప్పదంటారా? ఎత్తుకు పొండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ నాలుగు వేల అడుగుల ఎత్తు. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర అక్కడ ఇల్లు కట్టుకున్నది ఈ ఎండకు తాళలేకే. మిగిలినవన్నీ చలికాలానికి దాచుకోండి. గండికోట, సిద్ధవటం, యాగంటి, ఎగువ అహోబిలం డిసెంబరు, జనవరి నెలల్లో చూడవలసినవి. సంక్రాంతి సెలవులు చిన్నవే అయినా చాలు. గండికోటలో గుడారాల్లో పడుకునేవారు పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి.

వానల సంగతి వేరు. పడమటి కనుమల వెనుక ఉండడం వల్ల మనకు వానలు తక్కువ, పడితే మాత్రం ఒక్కసారే పడతాయి. 2009 అక్టోబరు 2న కర్నూలు ఊళ్లోకి తుంగభద్ర వచ్చింది. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి నాడు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. వాయుగుండం ఉందని రేడియోలో, టీవీలో చెబితే ఆ వారం నదీ స్నానాలు, వంకలు దాటే ప్రయాణాలు మానుకోండి. వానల తరువాత నల్లమల పచ్చగా ఉంటుంది, దోమలూ ఉంటాయి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే, అడవికి పోయి వచ్చామని డాక్టరుకు చెప్పండి.

అమ్మను మరుసటి ఏడు జనవరిలో మళ్లీ గండికోటకు తీసుకుపోయాను. లోయ అంచున లేత ఎండలో కూర్చుని బండను చేత్తో తడిమి, "ఈ బండలేనా ఆ పొద్దు నన్ను కాల్చింది?" అంది. బయలుదేరేముందు సీసా అడిగి తీసుకుని సగం తాగింది. "జమ్మలమడుగులో ఆపాల. మర్చిపోవద్దు" అంది.