బోటే కాదు, ట్రైలర్ కూడా తేలుతుంది!

ఎండాకాలం వీకెండ్ వచ్చిందంటే ఆస్టిన్‌లోని మన కుర్రాళ్లు చాలామంది లేక్ ట్రావిస్ దారి పడతారు. పేరుకే లేక్. నిజానికి కొలరాడో నదికి అడ్డంగా మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన రిజర్వాయర్. ఈ కొలరాడో టెక్సస్‌ది, గ్రాండ్ కేన్యన్‌లో పారేది వేరు. నిండితే నీటిమట్టం 681 అడుగులు. కరవొస్తే పదుల అడుగులు దిగిపోయి, బోట్ ర్యాంపులు ఒక్కొక్కటే మూతపడతాయి. తెరిచి ఉన్నవాటి దగ్గర పెద్ద క్యూ!

ర్యాంప్ అంటే నీళ్లలోకి దిగే కాంక్రీట్ వాలు. ట్రక్కు రివర్స్‌లో వెళ్తే ట్రైలర్ మునగాలి, బోటు తేలాలి. పోయిన వేసవిలో మా ముందున్నాయన బాగా లోతుకి దించేశాడు. "మామా, ట్రైలర్ పక్కకి పోతోందిరా!" అన్నాడు మావాడు. చక్రం ర్యాంప్ అంచుకి వచ్చేసింది. ఆయన మెల్లగా ముందుకి లాగితే మళ్లీ నేలకి ఆనింది. అంచు దాటితే యాక్సిల్‌కే ఎసరు.

అంత బరువు ఎలా తేలుతుంది? లీటరు నీటిని తోస్తే కిలో బరువు తగ్గినట్టే. టైర్లలో ఉండేది గాలి. బోటు ఆనే దుంగలు చాలావరకు చెక్కవి. అల్యూమినియం ఫ్రేమైతే నీళ్లలో మూడో వంతుకి పైగా బరువు తగ్గుతుంది, స్టీలుకి ఎనిమిదో వంతే. వెనక పట్టీలు విప్పకపోతే తేలే బోటే ట్రైలర్‌ని పైకి లాగేస్తుంది. ఆపై కాస్త గాలి చాలు.

అందుకే వెనక పట్టీలు పైనే, క్యూలో ఉండగానే విప్పేయాలి. ముందున్న వించ్ పట్టీ మాత్రం నీళ్లలోకి దిగేదాకా ఉంచాలి. చాలా ట్రైలర్లకి మడ్‌గార్డుల పైభాగం నీటికి అందేంత లోతు సరిపోతుంది. వాలుని బట్టి కాస్త అటూ ఇటూ. అప్పటికీ తేలుతుంటే యాక్సిల్ దగ్గర ఫ్రేముకి స్టీలు బరువు బిగించొచ్చు. మరీ వెనక్కి బిగిస్తే మాత్రం హైవే మీద ట్రైలర్ ఊగుతుంది. గొట్టం ఫ్రేమైతే నీళ్లు దూరే రంధ్రాలు పూడిపోకుండా చూసుకోవాలి. మనుషుల్ని మాత్రం బరువు కోసం ఎక్కించొద్దు, కాలు ఇరుక్కుంటే అంతే.

తిరిగొచ్చేటప్పుడు బోటులో, ఫ్రేములో నీళ్లన్నీ వంపేయండి. ఈ లేక్‌లో జీబ్రా మసెల్స్ అనే గుల్లపురుగులున్నాయి. ఆ నీటితోనే ఇంకో చెరువుకి పాకుతాయి. బోటులో నీళ్లు వంపడం టెక్సస్‌లో చట్టం కూడా!