లా చేస్తే పాట ఇడిచిపెట్టాల్నా?

మెల్‌బోర్న్‌లో మేముండే క్లేటన్‌లోనే మొనాష్ యూనివర్సిటీ పెద్ద క్యాంపస్ ఉంది. అక్కడి సంగీత విభాగానికి సర్ జెల్మన్ కోవెన్ పేరు పెట్టారు. ఆయన పేరు మోసింది న్యాయశాస్త్రంలో. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో లా డీన్‌గా చేశారు, 1977 నుంచి 1982 దాకా ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. అదే క్యాంపస్‌లో లా, సంగీతం కలిపి చదివే డబుల్ డిగ్రీ ఉంది. లా సీటుకు పన్నెండో తరగతి మార్కులు చూస్తారు, సంగీతానికి ఆడిషన్ పెడతారు. వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని లా లైబ్రరీ మెట్లు దిగే పిల్లల్ని ఇక్కడెవరూ వింతగా చూడరు. సిడ్నీలో యూఎన్‌ఎస్‌డబ్ల్యూలోనూ ఈ జోడీ చదువు ఉంది.

మొన్న సెలవులకు మేడ్చల్ వెళ్లినప్పుడు ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా అన్నయ్య కూతురు ఇంటర్ రెండో ఏడాది. చిన్నప్పటి నుంచి గాత్రం నేర్చుకుంటోంది, సర్టిఫికెట్ పరీక్ష పాసై డిప్లొమాకు కూర్చుంది. లా చదవాలని దానికి గట్టి పట్టుదల. నా మాటలన్నీ విని, "అత్తా, మరి ఇక్కడ లా చేస్తే పాట ఇడిచిపెట్టాల్నా?" అని అడిగింది. అన్నయ్య అందుకుని, "పాట ఎటు పోతది బిడ్డా, ఉద్యోగమొచ్చినంక పాడుకోవచ్చు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ పదిహేడు, ఇరవై రెండేళ్ల మధ్య సాధన ఆగితే గొంతు ఎంత వెనక్కి పోతుందో పాడేవాళ్లకు తెలుసు. మేడ్చల్‌లో నాతోపాటు పాఠం నేర్చుకున్న ఆడపిల్లల్లో ఇంటర్ దాటాక సాధన నిలుపుకున్నవాళ్లు నాకెవరూ కనబడరు.

ఆ ప్రశ్న అక్కడే పుట్టడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే ఈ జోడీ చదువుకు మా మేడ్చల్ దగ్గరి శామీర్‌పేట కంటే తగిన చోటు మన రాష్ట్రంలో నాకు తోచదు. 1998లో చట్టం చేసి ఏర్పాటు చేసిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. ఐదేళ్ల బి.ఏ., ఎల్‌ఎల్‌.బి. అక్కడ మొదటి నుంచీ నడుస్తోంది, అంటే అదీ రెండు డిగ్రీల చదువే. దానికి కొద్ది దూరంలో బిట్స్ పిలానీ క్యాంపస్. అక్కడ గణితమో భౌతికమో ఎమ్మెస్సీ చదివే పిల్లలు దానితోపాటే ఇంజినీరింగ్ డిగ్రీ కూడా ఐదేళ్లలో తెచ్చుకుంటారు. కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి పక్కనే ఇన్ని జంట చదువులు నడుస్తుంటే, అందులో పాటకు మాత్రం చోటు లేదు.

కోర్టుకూ కళకూ పొత్తు మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. బళ్లారిని తలుచుకోండి. ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. కోలాచలం శ్రీనివాసరావు వకీలు. బళ్లారి రాఘవ కూడా పగలు నల్లకోటు వేసుకున్నవాడే. పద్యాన్ని రాగంలో పాడితే తప్ప నాటకం నిలబడని రోజులవి. ఇక పాకాల వెంకట రాజమన్నార్ గారు. తెలుగులో నాటకాలు రాశారు, మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడెమీ మొదలైనప్పుడు తొలి అధ్యక్షుడూ ఆయనే. మద్రాసులో మరో న్యాయమూర్తి టి.ఎల్‌. వెంకటరామ అయ్యర్ దీక్షితుల కృతుల్లో పెద్ద దిట్ట, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. వీళ్లంతా రెండు విద్యల్నీ సొంత పట్టుదలతో మోశారు. చేతిలో డబ్బు, వెనక ఇంటి బలం ఉన్నవాళ్లకు అది సాగుతుంది. మేడ్చల్ నుంచి బస్సెక్కి సికింద్రాబాద్ భక్త రామదాసు సంగీత కళాశాలకు పోయే పిల్లకు కాలేజీ ఆసరా కావాలి.

ఈ జోడీ చదువు అడిగేది ఆ పిల్ల మేలు కోసమే అనుకోకండి. సంగీతం తెలియని చేతుల్లో చట్టం ఎలా తయారవుతుందో మన 1957 కాపీరైట్ చట్టం చూపించింది. కాగితం మీద అచ్చయిందో, రాసి పెట్టిందో అయితేనే దాన్ని 'సంగీత రచన' కింద లెక్కించింది. గురువు నోట పాడి, శిష్యుడి చెవిలో దాచే మన సంగీతానికి ఆ కొలత ఏం సరిపోతుంది? 1977లో సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గాయకుల గొంతుకు రక్షణ లేకపోవడాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపారు. నిర్వచనం మారి, పాడేవాళ్లకు హక్కులు రావడానికి 1994 దాకా పట్టింది.

ఇప్పటి తగాదాలు ఇంకా చిక్కువి. 'పొన్నియిన్ సెల్వన్' సినిమా రెండో భాగంలోని 'వీరా రాజా వీర' పాట తమ పెద్దల శివస్తుతి నుంచి వచ్చిందని ధ్రుపద్ గాయకుడు వాసిఫుద్దీన్ డాగర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. రెండూ అడాణా రాగంలోనే ఉన్నాయి. రాగం ఏ ఒక్కరిదీ కాదు, ఆ రాగంలో కట్టిన వరస మాత్రం ఒకరిది కావచ్చు. ఆ గీత ఎక్కడ గీయాలి? 2025 ఏప్రిల్‌లో ఒక న్యాయమూర్తి డాగర్ పక్షాన మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు, సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఎవరిది సరి అని తేల్చడం నా పని కాదు. ఇలాంటి కేసు వాదించే లాయరుకు అడాణాలో గాంధారం ఎలా పలుకుతుందో చెవికి తెలిసి ఉండాలని మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

ప్రవాసంలో ఉన్న మాకు ఇది దూరపు సంగతి కాదు. 2017లో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వచ్చిందని ఆయనే చెప్పారు, ఆ పాటలు ఇక పాడనన్నారు. ఆ వార్త విని మా ఊరి తెలుగు సంఘంలో అందరికీ ప్రాణం చివుక్కుమంది. ఇక్కడ వేదికల మీద పాటకు లైసెన్సు ఏప్రా అనే సంస్థ ఇస్తుంది. అయినా మన పాట హక్కు సంగీతకర్తదా, నిర్మాతదా, ఆడియో కంపెనీదా అని అడిగితే, రెండు వైపులా తెలిసి చెప్పే తెలుగు లాయరు మా ఎరికలో ఎవరూ లేరు.

ఇంతకీ అడ్డు ఎక్కడుంది? బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ఏ విషయంలో డిగ్రీనైనా లాతో కలిపి ఐదేళ్లకు తగ్గకుండా నడుపుకోవచ్చన్నాయి. అంటే సంగీతం, లా కలిపితే వద్దనేవాళ్లు లేరు. అవే నిబంధనల్లో లా విద్యార్థి విడిగా ఇంకో రెగ్యులర్ కోర్సులో చేరకూడదని ఉంది. దూరవిద్యా కేంద్రాల కోర్సులకూ, భాష, కంప్యూటర్ లాంటి చిన్న సర్టిఫికెట్లకూ మినహాయింపు ఇచ్చారు. యూజీసీ 2022లో రెండు డిగ్రీలు ఒకేసారి చదువుకోవచ్చంది గానీ లాకు బార్ కౌన్సిల్ మాటే చెల్లుతుంది. కాబట్టి మా పిల్లకు చెప్పింది ఇదే: డిసెంబరులో లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాయి, సీటొస్తే సంగీతాన్ని దూరవిద్యలో పట్టుకో, గురువుగారి పాఠం మాత్రం మానకు.

అయితే అది ఒక పిల్ల గట్టెక్కే దారి మాత్రమే. అసలు పని నల్సార్, తెలుగు విశ్వవిద్యాలయం కలిసి కూర్చుని చెయ్యాలి. బి.ఏ. పేపర్లలో చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం ఉన్నచోట గాత్రమో వీణో ప్రధానాంశంగా పెట్టాలి. క్లాట్ ర్యాంకుతోపాటు ఆడిషన్ పెట్టాలి. మొదటి బ్యాచ్‌కు పదిమంది చాలు. వాళ్లకు కాపీరైట్ పేపరు చెప్పేటప్పుడు గదిలో ఒక తంబూర ఉండాలి, తీర్పు చదివాక తగాదాలోని రెండు వరసల్నీ పక్కపక్కన పాడి చూపించే గురువు ఉండాలి.