పండుగలు తయారయ్యే పేట

సంక్రాంతికి మీ అబ్బాయి ఎగరేసిన పతంగి, శ్రావణ పౌర్ణమికి మీరు అన్నయ్యకు కట్టిన రాఖీ, చవితికి మీ వీధి పందిట్లో కొలువుతీరిన గణపయ్య... ఈ మూడూ ఒకే పేటలో తయారై ఉండొచ్చంటే నమ్ముతారా? మీది హైదరాబాదైతే నమ్మాల్సిందే. ఆ పేటే ధూల్‌పేట్.

అఫ్జల్‌గంజ్ నుంచి మూసీ వెంట వెళ్తే పురానాపూల్ వస్తుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన వంతెన అది, చార్మినార్ కన్నా పెద్దది వయసులో! దానికి ఇవతల, మంగళ్‌హాట్ పక్కన అల్లుకున్న సందులే ధూల్‌పేట్. దగ్గర్లోనే జుమేరాత్ బజార్. జుమేరాత్ అంటే గురువారం. ఆ రోజు పాత సామాన్ల సంత జరుగుతుంది.

ఇక్కడ ఎక్కువగా ఉండేది లోధా కుటుంబాలు. నిజాముల కాలంలో సైన్యంలో కొలువు కోసం ఉత్తరాది నుంచి వచ్చినవారి సంతతి. 1948లో హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిశాక ఆ కొలువులు పోయాయి. బతుకుతెరువుకు చాలామంది గుడుంబా కాయడం మొదలెట్టారు. అలా ఊరికి చెడ్డపేరు అంటుకుంది.

మన ఆడవాళ్ళకి సారా సంగతి వేరే చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కొంగు బిగించింది మనవాళ్ళే కదా! 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. గుడుంబా మాత్రం పోలేదు. 2015 తర్వాత గట్టి దాడులు జరిగి బట్టీలు చల్లారాయి. మానేసిన కుటుంబాలకు ప్రభుత్వం ఉపాధి సాయం ప్రకటించింది. బట్టీ ఆర్పితే సరిపోదు, పొయ్యి వెలగాలి కదా! ఆ తర్వాత గంజాయి బెడద. దాని మీద 2024లో ఎక్సైజ్ శాఖ 'ఆపరేషన్ ధూల్‌పేట్' నడిపింది.

ఇదంతా పేపర్లో వచ్చే ధూల్‌పేట్. చవితికి ముందు వెళ్తే ఇంకో ధూల్‌పేట్ కనిపిస్తుంది. రోడ్డుకి అటూ ఇటూ టార్పాలిన్ పందిళ్ళు, వాటి కింద వరసగా వినాయకులు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో కొబ్బరిపీచు కలిపి అచ్చుల్లో పోస్తారు. చేతులు, తొండం విడిగా చేసి అతికిస్తారు. గరుకు కాగితంతో రుద్ది రంగులేస్తారు. కళ్ళు దిద్దడం చివరి పని, చెయ్యి తిరిగినవాళ్ళదే ఆ పని. ఆ రోజుల్లో ముసురు పట్టిందంటే విగ్రహం ఆరదు, అప్పు తీరదు! బెంగాల్ నుంచి వచ్చే కళాకారులు గడ్డి, వెదురు, మట్టితో విగ్రహాలు చేస్తారు. చెరువుల కోసం మట్టి గణపతినే అడిగేవాళ్ళు ఇప్పుడు పెరిగారు.

రాఖీల పని చాలావరకు ఆడవాళ్ళదే. వంట ముగించి, గడపలో చాప వేసుకుని, దారానికి పూసలు, తళుకులు అతికిస్తారు. లెక్కన ఇంత అని కూలి. మనం బేరమాడి తగ్గించే రూపాయి ఎవరి చేతిలోంచి పోతుందో ఒక్కసారి ఆలోచించండి.

ఈసారి చవితికి పది రోజుల ముందే వెళ్ళి చూడండి. పగటిపూట, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తే సరదాగా ఉంటుంది. మట్టి విగ్రహం కొంటుంటే రంగు వేయని అడుగుభాగాన్ని తడివేలితో రుద్దండి. వేలికి మట్టి అంటితే నిఖార్సైనదే. పిల్లల పతంగులకు నూలు మాంజా అడగండి. నైలాన్ మాంజా మీద 2017 నుంచీ నిషేధం ఉంది, పిట్టలకీ మనుషులకీ కూడా అది ప్రమాదమే.

ఇకమీదట ధూల్‌పేట్ అనగానే ముక్కు విరిచేముందు మీ పూజగది వైపు ఒకసారి చూడండి. అక్కడి గణపయ్యకు కళ్ళు దిద్దింది ఆ పేట చేతులే కావచ్చు!