ఎడమ కాలు చెప్పిన మాట

కారు ప్రస్తావన వచ్చినప్పుడు మనవారు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండే. "ఎంతకు కొన్నారు?" "లీటరుకు ఎంత ఇస్తుంది?" క్లచ్ కాలికి ఎట్లా తగులుతుంది, గేరు రాడ్డు చేతికి ఎట్లా పలుకుతుంది అని అడిగేవారు అరుదు. నిజానికి నడిపేవారికీ యంత్రానికీ మధ్య సంభాషణలో ఎక్కువ భాగం ఈ రెండింటి ద్వారానే జరుగుతుంది. ఆ సంభాషణను గురించి మాకు తెలిసిన నాలుగు మాటలు పాఠకులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మేము దంపతులము ఇరువురమూ ఈ సంస్థ ఉద్యోగులమే. మాలో శ్రీవారు సెంట్రల్ వర్క్‌షాపులో, శ్రీమతిగారు స్టోర్సు విభాగంలో పనిచేస్తున్నారు. శ్రీవారు డ్రైవింగు నేర్చుకున్నది స్టీరింగు గేరు అంబాసిడరు మీద. శ్రీమతిగారు నేర్చుకున్నది 2004లో సంస్థ ఇచ్చిన వాహన ఋణంతో కొన్న మారుతి 800 మీద. ఇరవై ఏళ్లపాటు ఆ కారును ఎక్కువగా నడిపినది ఆమెయే. 2024 ఆరంభంలో ఎడమ మోకాలి నొప్పికి చూపించుకున్నప్పుడు డాక్టరుగారు మెట్లు ఎక్కడం, క్లచ్ తొక్కడం రెండూ బాగా తగ్గించమన్నారు. మెట్ల సంగతి ఆమె వెంటనే ఒప్పుకున్నారు. క్లచ్ సంగతికి మాత్రం బదులు పలకలేదు. ఒకరి మీద ఆధారపడకుండా ఆఫీసుకు, అంగడికి, అమ్మగారి ఊరికి వెళ్లివచ్చిన మనిషికి ఆ సలహా కేవలం మోకాలికి సంబంధించినది కాదు.

ఆ వేసవిలో కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి ఇంట మూడు నెలలు గడిపాము. అల్లునికి పాత స్పోర్ట్స్ కార్లంటే ప్రీతి. ఆయన వద్ద 1990 నాటి మాజ్దా మియాటా, ఆయన స్నేహితుని వద్ద 2001 నాటి హోండా ఎస్-2000, ఎదురింటి పెద్దాయన వద్ద 1984 నాటి పోర్షె 911 ఉన్నాయి. ఎడమ కాలు విరమణ పొందేలోగా మంచి క్లచ్ అంటే ఏమిటో ఒకసారి చూడాలని శ్రీమతిగారు కోరారు. డాక్టరుగారు తగ్గించమన్నారే గాని మానమనలేదని ఆమె వాదన. ఆదివారం ఉదయాలలో ఖాళీగా ఉండే ఒక విశాలమైన పార్కింగు స్థలం మాకు పరీక్షాక్షేత్రమైనది.

కార్ల సంగతికి ముందు, యంత్రాలతో పరిచయం లేని కుటుంబ సభ్యుల కోసం రెండు మాటలు చెప్పాలి. ఇంజను తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు ఒక్కొక్కప్పుడు ఆగాలి. ఈ రెండింటి నడుమ ఉండే రాపిడి పళ్ళెమే క్లచ్ ప్లేటు. పెడలు తొక్కితే అది ఇంజను నుండి విడిపోతుంది, వదిలితే అతుక్కుంటుంది. విడిపోవడానికీ అతుక్కోవడానికీ మధ్య పట్టు దొరికే చోటు ఒకటున్నది. ఆ చోటును కాలు ఎంత తేటగా గుర్తుపట్టగలదన్నదే క్లచ్ గుణం.

ఇక గేరుపెట్టెలో వేరు వేరు వేగాలతో తిరిగే పళ్ళచక్రాలు ఉంటాయి. వాటిని కలిపే ముందు వేగాలు సమానం కావాలి. కదులుతున్న బస్సు ఎక్కేవాడు నాలుగడుగులు దానితోపాటు పరుగెత్తి, ఆ తరువాతనే కమ్మీ పట్టుకుంటాడు కదా. గేరుపెట్టెలో ఆ నాలుగడుగుల పరుగును ఇత్తడి వంటి లోహపు రింగులు చేస్తాయి. దీనినే సింక్రోమెష్ అంటారు. కార్లలో దీనిని 1928లో మొదట ప్రవేశపెట్టినది అమెరికాలోని కాడిలాక్ సంస్థ. అది లేని పాత లారీలలో డ్రైవర్లు ఆ పని డబుల్ క్లచ్‌తో తామే చేసేవారు. గేరు రాడ్డు మీద చేయి పెట్టినవారికి ఆ రింగుల పని కూడా తెలుస్తుంటే అది మంచి గేరుపెట్టె.

అమెరికాలో మొదటి వింత ఏమిటంటే స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. మన దేశంలో క్లచ్‌కు ఎడమ కాలు, గేరుకు ఎడమ చేయి. అక్కడ క్లచ్‌కు ఎడమ కాలే, గేరుకు మాత్రం కుడి చేయి. గేర్ల అమరిక మారదు గనుక, ఇక్కడ మనకు దూరంగా ఉండే మొదటి గేరు అక్కడ ఒడి దగ్గరకు వస్తుంది. వ్రాసే చేతికి గేరు రాడ్డు దొరకడంతో చిన్న చిన్న భేదాలు కూడా మాకు బాగా తెలిశాయి.

మియాటాను మాజ్దా సంస్థ 1989లో చికాగో ప్రదర్శనలో లోకానికి చూపింది. దాని రూపకల్పనకు నాయకుడైన తోషిహికో హిరాయ్ తన బృందం ముందు పెట్టిన ఆదర్శం ‘జింబా ఇత్తాయి’. అంటే గుర్రము, రౌతు ఒక్కటి కావడం. ఈ కారులో ఇంజను ముందు నిలువుగా, దాని వెనుకనే గేరుపెట్టె, మన మోచేతి ప్రక్కకు వచ్చేటట్లు ఉంటాయి. గేరు రాడ్డు కొస నేరుగా ఆ పెట్టెలోనికే దిగుతుంది. మధ్య కడ్డీలు, కీళ్ళు, తీగలు లేవు. చేయి చాచనక్కరలేదు, మణికట్టు కదిలితే చాలు. మంచి బీరువా తాళం తిరిగినప్పుడు చేతికి తెలిసే చిన్న ‘టక్’ వంటిది ప్రతి గేరుకూ తెలుస్తుంది. క్లచ్ తేలికగా ఉన్నది, పట్టు దొరికే చోటు నడుమన స్పష్టంగా ఉన్నది. శ్రీమతిగారు పది నిమిషాలలో ఆ కారును తమదిగా చేసుకున్నారు.

హోండా ఎస్-2000 స్వభావం వేరు. 1999 నుండి 2009 వరకు తయారైన ఈ కారు తొలి నమూనాల ఇంజను నిమిషానికి 9,000 చుట్ల వరకు తిరుగుతుంది. ఆరు గేర్లు. రాడ్డు కదలిక మరీ కురచ. దీపం స్విచ్చి వేసినంతలో గేరు పడుతుంది. అయితే ఇంజను బలమంతా పై చుట్లలోనే ఉన్నది. అందుచేత బండి కదిలించేటప్పుడు కాలికి, యాక్సిలరేటరుకు పొత్తు బాగా కుదరాలి. పట్టు దొరికే చోటు కూడా ఇరుకుగా తోచింది. శ్రీవారికి ఈ గేరు రాడ్డు అన్నిటికంటె నచ్చింది. శ్రీమతిగారు మాత్రం "చేతికి పండుగ, కాలికి పరీక్ష" అన్నారు.

మూడవది పోర్షె 911. దీని ఇంజను వెనుక చక్రాలకు కూడా వెనుక ఉంటుంది. ముందు కూర్చున్నవారి చేతి నుండి గేరుపెట్టెకు పొడుగాటి కడ్డీ కారు నడుమగుండా పోతుంది. ఆ నాటి పెట్టెలో సింక్రోమెష్ పోర్షె వారి సొంత పద్ధతిలోనిది. దానికి కొంచెం వ్యవధి ఇవ్వాలి. 1987 నమూనాతో వేరే గేరుపెట్టె, ద్రవపీడనంతో పనిచేసే క్లచ్ వచ్చాక ఈ తీరు మారింది. ఎదురింటి పెద్దాయన విశ్రాంత మెషినిస్టు. ప్రక్కన కూర్చొని, "రాడ్డును నెట్టకండి, ఆనించి ఉంచండి. సమయం రాగానే అదే వెళ్తుంది" అని నేర్పారు. మా వర్క్‌షాపులో పాత లేతు యంత్రం గేరు మీటకు కూడా సరిగ్గా ఇదే ఓర్పు కావాలని శ్రీవారు చెప్పగా, యంత్రభాష ఏ దేశంలోనైనా ఒకటేనని ఆయన నవ్వారు.

ఆ కారులో పెడళ్ళు పైనుండి వ్రేలాడవు, నేల నుండి లేస్తాయి. క్లచ్ బరువైనది. శ్రీమతిగారు ఒక్క చుట్టు తిరిగి దిగిపోయారు. దిగుతూ ఆమె అన్న మాట మా ఈ పరిశీలన అంతటికీ సారం: "బరువైనదే, కాని అబద్ధం చెప్పదు."

అంతవరకు మేము క్లచ్‌లను బరువైనవి, తేలికైనవి అని రెండు రకాలుగానే చూచేవారము. ఆ ఉదయం రెండవ కొలత ఒకటి మాకు దొరికింది. బరువు ఒక కొలత, స్పష్టత మరొక కొలత. పోర్షె బరువు, అయినా స్పష్టం. మియాటా తేలిక, అదీ స్పష్టమే. తేలికగా ఉండి ఏమీ చెప్పని క్లచ్‌లూ లోకంలో ఉన్నాయి. గేరు రాడ్డుకు కూడా ఇదే వర్తిస్తుంది. కదలిక కురచదా పొడుగుదా అన్నది ఒక మాట. గేరు పడినదో లేదో చేతికి సందేహం లేకుండా తెలిసిందా అన్నది అంతకంటె ముఖ్యమైన మాట.

ఈ కొలతలతో చూస్తే మన మారుతి 800 కూడా తీసిపోదని అనిపించింది. 1981లో ఏర్పడిన మారుతి ఉద్యోగ్ ఆనాడు మన వంటి ప్రభుత్వరంగ సంస్థయే. బి.హెచ్.ఇ.ఎల్. అధ్యక్షులుగా పనిచేసిన వి. కృష్ణమూర్తిగారు దానికి తొలినాళ్ల సారథి. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ అందజేశారు. స్టీరింగు గేరు అంబాసిడరులో గేరు మార్చడమంటే లోతైన గంగాళంలో గరిటె త్రిప్పినట్లుండేది. పెట్టె ఎక్కడో, చేయి ఎక్కడో. మారుతిలో రాడ్డు నేల మీదికి వచ్చింది, క్లచ్ తేలికైంది. మా టౌన్‌షిప్‌లో స్త్రీలు ధైర్యంగా కారు నడపడం ఎక్కువైనది ఆ కారు వచ్చాకనే.

ప్రపంచంలో మాన్యువల్ గేరు తగ్గిపోతున్న మాట నిజం. ఫెరారీ దానిని గత దశాబ్దంలోనే విడిచిపెట్టింది. 2020 నమూనా నుండి షెవర్లే కార్వెట్‌లో అది లేదు. స్వయంచాలక పెట్టెలు మనిషి కంటె త్వరగా గేరు మారుస్తాయి. అయినా పోర్షె 2013లో తన 911 జి.టి.3 కారును స్వయంచాలక పెట్టెతోనే తెచ్చి, 2017లో మాన్యువల్‌ను తిరిగి ప్రవేశపెట్టింది. వేగం చాలదని, చేతికి పని కావాలని అడిగినవారు ఉన్నారన్నమాట.

మా ఇంటి నిర్ణయానికి వస్తే, మేము తిరిగివచ్చాక ఏ.ఎం.టి. కారు తీసుకున్నాము. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో ప్రచారానికి వచ్చిన ఈ పద్ధతిలో క్లచ్ ప్లేటు, గేరుపెట్టె యథాతథంగా ఉంటాయి. తొక్కే పని మాత్రం ఒక చిన్న యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు వచ్చే చిన్న విరామాన్ని శ్రీమతిగారు చెవితో ముందే పసిగట్టి యాక్సిలరేటరు మీద కాలు కొంచెం సడలిస్తారు, బండి ఊగదు. ఇరవై ఏళ్లు ఎడమ కాలు నేర్చినది ఇప్పుడు కుడి కాలికి అక్కరకు వచ్చింది. ఆఫీసుకు, అంగడికి, అమ్మగారి ఊరికి ఆమె మునుపటివలెనే తామే నడుపుకొని వెళ్తున్నారు.

పాత మారుతిని మా మేనల్లునికి ఇచ్చాము. వానికి క్లచ్ నేర్పినది కూడా అత్తయ్యే. "పెడలు వైపు చూడకురా, ఇంజను ధ్వని విను. గొంతు కొంచెం తగ్గినప్పుడు కాలు అక్కడే నిలుపు" అని ప్రక్క సీటులో కూర్చొని చెప్పారు. నాలుగవ రోజుకు వాడు గుట్ట ఎక్కే దారిలో బండిని వెనుకకు జారనివ్వకుండా కదిలించాడు.

చివరగా మాన్యువల్ కారు నడిపే సోదర ఉద్యోగులకు కొన్ని మాటలు. నడిచేటప్పుడు క్లచ్ మీద పాదం ఆనించి ఉంచకండి. ప్లేటు, బేరింగు రెండూ అరుగుతాయి. ఎత్తు మీద బండిని హాఫ్ క్లచ్‌తో నిలపకండి, హ్యాండు బ్రేకు ఉన్నది. గేరు మార్చిన తరువాత చేతిని రాడ్డు మీద విశ్రమింపజేయకండి. తొక్కినప్పుడు పూర్తిగా తొక్కండి. మోకాలు నొప్పిగా ఉంటే దాని మాట కూడా వినండి. క్లచ్ వలెనే అదీ అబద్ధం చెప్పదు.